బొమ్మకూ బూతుకూ మధ్య గీత

ప్రొద్దుటూరులోనో ఆదోనిలోనో పొద్దున టీ అంగడి ముందు పత్రిక చేతికి తీసుకున్న మనిషి రాజకీయ కార్టూన్‌ను చూసే పద్ధతి వేరు. కన్ను ముందు బొమ్మ మీద ఆగదు, పత్రిక పేరు మీద ఆగుతుంది. ముఖ్యమంత్రినో మాజీ ముఖ్యమంత్రినో ఎగతాళి చేసిన బొమ్మ అయితే, వేసింది మనోళ్లా వాళ్లా అన్నది తెలిశాకే నవ్వాలో కోప్పడాలో తేలుతుంది. ‘అది వాళ్ల పేపరు లేప్పా’ అన్న ఒక్క మాటతో ఎంత పదునున్న బొమ్మయినా పక్కకు పోతుంది. బొమ్మలో చెప్పిన సంగతి నిజమా కాదా అని ఆలోచించే మనిషి లేడని కాదు. ఉన్నాడు. నలుగురిలో ఆ మాట పైకి అడగడు, అంతే.

ఇందులో పాఠకుణ్ణి తప్పు పట్టడానికి ఏమీ లేదు. 2008 మార్చిలో ‘సాక్షి’ వచ్చినప్పటి నుంచి తెలుగు దినపత్రికల రాజకీయ వరసలు ఎవరికీ దాపరికం లేకుండా రెండయ్యాయి. ఒకవైపు ‘ఈనాడు’, ‘ఆంధ్రజ్యోతి’లలో వై.ఎస్. కుటుంబం మీద బొమ్మలు, మరోవైపు ‘సాక్షి’లో చంద్రబాబునాయుడి మీద బొమ్మలు. తన పక్షం నాయకుడి మీద అంతే పదునైన బొమ్మను అచ్చేసిన పత్రిక కనబడటం చాలా అరుదు. కడప జిల్లాలో ఈ చీలిక మరీ గట్టిగా తగులుతుంది. 1978లో రాజశేఖరరెడ్డి మొదటిసారి గెలిచినప్పటి నుంచి పులివెందుల శాసనసభ స్థానం ఆ కుటుంబం చేయి దాటలేదు. రాష్ట్రానికి ఆ కుటుంబం వాళ్లది రాజకీయ నాయకుడి ముఖం. ఇక్కడ చాలా ఇళ్లకు పెళ్లికో చావుకో గడప తొక్కిన మనిషి ముఖం. ఆ ముఖాన్ని ముక్కు పొడుగు చేసి, నెత్తిన టోపీ పెట్టి గీస్తే అభిమానికి గుచ్చుకుంటుంది. అదే బొమ్మ చూసి అదే వీధిలో ఇంకొకరికి గుండె తేలికవుతుంది. రెండూ సహజమే. నాయకుడు జనాన్ని రెండుగా చీల్చినవాడైతే అతని బొమ్మకు వచ్చే స్పందన కూడా రెండుగానే ఉంటుంది.

నన్ను కలవరపెడుతున్నది ఆ రెండు స్పందనలు కావు, వాటి మధ్యలోకి వచ్చి కూర్చున్న మూడోది. అది పోలీసు స్టేషన్. బొమ్మ నచ్చనివాళ్లు బదులు బొమ్మ వేయడం, వ్యాసం రాయడం, చివరికి పత్రిక ప్రతులు తగలబెట్టడం దాకా కూడా అర్థం చేసుకోవచ్చు. ఫిర్యాదు కాగితం పట్టుకుని స్టేషన్‌కు పోవడం, అక్కడ నాయకుడి మీద ఎగతాళిని వర్గాల మధ్య వైరంగా రాసుకోవడం గత పదేళ్లలో మన రాష్ట్రంలో అలవాటుగా మారింది. అధికారం మారినప్పుడల్లా నిందితుల పేర్లు మారాయి, అలవాటు మారలేదు. ఈ అలవాటు వల్ల ఒక నష్టం జరుగుతోంది. అధికారాన్ని వెక్కిరించే బొమ్మ, ఆడవాళ్ల శరీరాల మీద అల్లే బూతు ఒకే సెక్షన్ కింద, ఒకే గదిలోకి చేరుతున్నాయి. వాటిని విడదీయకపోతే మొదటిది చచ్చిపోతుంది, రెండోది దాని పేరు చెప్పుకుని బతికిపోతుంది.

దొరను వెక్కిరించడం ఈ నేలకు కొత్త కాదు. వేమన తిరిగిన నేల ఇది, బనగానపల్లెలోనూ కందిమల్లాయపల్లెలోనూ వీరబ్రహ్మం బతికిన నేల. తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యలో దూరి వచ్చే జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఊరి పెద్దలను వాళ్ల ఎదుటనే ఆటపట్టించేవాళ్లు. పెద్దరెడ్డి ముందు వరసలో కూర్చుని ఉండగానే ఆ మాటలు పడేవి. ఆట చూసినవాళ్లు నవ్వేవాళ్లు, పెద్దరెడ్డి కూడా నవ్వక తప్పేది కాదు. ఆ నవ్వులో మర్యాద ఉండేదని నేను అనను. చాలా మోటుగానే ఉండేది. తిట్టిన నోరు ఎవరి పక్షమూ కాదని అందరికీ తెలుసు కాబట్టే అది చెల్లేది.

తెలుగు పత్రికా రంగంలో రాజద్రోహం కింద తొలుత జైలుకు వెళ్లిన సంపాదకుడు కర్నూలులో పుట్టినవాడే. గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ నడుపుతూ, తిరునల్వేలి కాల్పుల మీద రాసిన వ్యాసంలో ఇంగ్లీషు పాలకుణ్ణి క్రూరమైన పులిగా చూపించాడు. అది అక్షరాలతో గీసిన కార్టూనే. ప్రభుత్వం దాన్ని రాజద్రోహమంది. ఆయన వేలూరు జైల్లో శిక్ష అనుభవించాడు. పాలకుణ్ణి జంతువుగా చూపినందుకు జైలు అన్న ఆ లెక్కను తెల్లవాళ్లు పోయేటప్పుడు తమతో తీసుకుపోవాల్సింది.

తీసుకుపోలేదు. 1983 మార్చిలో శాసనమండలిలో జరిగిన రభసను ‘ఈనాడు’ ‘గలభా’ అన్న మాట ఉన్న శీర్షికతో ఇచ్చింది. ఆ ఒక్క మాట సభ గౌరవానికి భంగమని హక్కుల తీర్మానం తెచ్చారు. సంపాదకుణ్ణి పట్టి తెమ్మనే దాకా వెళ్లారు. సుప్రీంకోర్టు కల్పించుకుంటేనే అది ఆగింది. 34 ఏళ్ల తర్వాత, 2017 ఏప్రిల్‌లో అదే శాసనమండలిని, అప్పుడే మండలి సభ్యుడై మంత్రి అయిన నారా లోకేశ్‌ను ఎగతాళి చేసే బొమ్మలు పెట్టినందుకు ఒక ఫేస్‌బుక్ పేజీ నిర్వాహకుణ్ణి అరెస్టు చేశారు. ఫిర్యాదు చేసింది శాసనసభ కార్యాలయమే. 1983లో ఆ శీర్షికను పత్రికా స్వేచ్ఛగా సమర్థించుకున్న రాజకీయ శిబిరమే 2017లో ప్రభుత్వంలో ఉంది. ఈ సంగతి గుర్తు చేయడం ఎవరినో ఎత్తిపొడవడానికి కాదు. సూత్రం అనేది మన మీదికి వచ్చినప్పుడే పట్టుకుని, మనం పైకి వెళ్లగానే వదిలేసేది అయితే, అది ఎప్పటికీ జనానికి చేరదు.

అవతలి శిబిరం చరిత్రా అదే. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఫిబ్రవరిలో 938 నంబరు జీవో తెచ్చింది. పత్రికల మీద కేసులు పెట్టే అధికారం అధికారులకు ఇచ్చిన ఉత్తర్వు అది. నిరసనలతో వెనక్కి పోయింది. 2019 అక్టోబరులో జగన్మోహనరెడ్డి ప్రభుత్వం 2430 నంబరు జీవోతో దాన్ని ఇంకా వెడల్పు చేసి, శాఖల కార్యదర్శులందరి చేతికీ ఇచ్చింది. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకయ్యాక ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తూ ఒక పోస్టు పెట్టినందుకు గుంటూరులో అరవై దాటిన ఒక మహిళను సీఐడీ పిలిచి విచారించింది. 2024 ఫిబ్రవరి 20న కర్నూలులో ‘ఈనాడు’ కార్యాలయం మీద దాడి జరిగింది. పాణ్యం ఎమ్మెల్యే మీద వచ్చిన వార్తకు కోపించి వచ్చినవాళ్లు రాళ్లు విసిరారు. స్టేషన్ దాకా పోవాల్సిన పని కూడా లేదనుకున్నారు. ప్రభుత్వం మారింది. 2025 జూన్‌లో ‘సాక్షి’ టీవీ చర్చలో ఒక అతిథి అమరావతి మహిళలను కించపరుస్తూ మాట్లాడితే, చర్చ నడిపిన సీనియర్ పాత్రికేయుడు కొమ్మినేని శ్రీనివాసరావును కూడా అరెస్టు చేశారు. అతిథి మాట్లాడింది ఖండించాల్సిన మాటే. కానీ శ్రీనివాసరావు మీద మోపిన నేరాల్లో ఆ మాటకు నవ్వడం ఒకటి. నాలుగు రోజులకు సుప్రీంకోర్టు ఆయన్ను విడుదల చేయమంది. ఎవరో అన్న మాటకు నవ్వినంత మాత్రాన ఆ మాటలో భాగస్వామి కాడని ధర్మాసనం చెప్పాల్సి వచ్చింది. నవ్వు నేరమా కాదా అన్నది దేశంలో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి తేల్చుకోవాల్సిన ప్రశ్న అయిందంటే, మనం ఎంత దూరం వచ్చేశామో ఆలోచించాలి.

మన కడప, కర్నూలు జిల్లాలకు బాగా దగ్గరైన కేసు మరొకటి ఉంది. దాన్ని కొంచెం విప్పి చూడాలి. సినీ రచయిత, నటుడు పోసాని కృష్ణమురళిని 2025 ఫిబ్రవరి 26న హైదరాబాద్‌లో పట్టుకుని, పాత కడప జిల్లాలోని ఓబులవారిపల్లె స్టేషన్‌కు తెచ్చారు. చంద్రబాబు, పవన్ కల్యాణ్, లోకేశ్‌లను దూషించాడని, మార్ఫింగ్ బొమ్మలు చూపించాడని రాష్ట్రంలో పదికి పైగా స్టేషన్లలో ఫిర్యాదులు. రాజంపేట సబ్‌జైలు. అక్కడి నుంచి పీటీ వారెంట్ మీద నరసరావుపేట. మరో వారెంట్ మీద ఆదోని కేసు, కర్నూలు జైలు. కర్నూలు కోర్టు బెయిల్ ఇచ్చాక గుంటూరు సీఐడీ కేసు. చివరికి మార్చి 22న గుంటూరు జైలు నుంచి బయటికొచ్చాడు.

పోసాని వాడిన భాషను నేను సమర్థించను. ప్రత్యర్థుల ఇళ్లలోని ఆడవాళ్లను గురించి ఆయన అన్న మాటలు వ్యంగ్యం కావు, అవి వినడానికే సిగ్గుపడాల్సిన మాటలు. బాధితులు కేసు పెట్టాలి, ఒక చోట విచారణ జరగాలి, నేరమని తేలితే శిక్ష పడాలి. కానీ ఓబులవారిపల్లె ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్లు రాశారో చూడండి. భారతీయ న్యాయ సంహితలో 196, అంటే వర్గాల మధ్య వైరం పెంచడం. 353(2), అంటే వైరాన్ని పెంచే వదంతులు. ఈ రెండింటికీ సాధారణంగా మూడేళ్ల దాకా శిక్ష. వీటికి తోడు 111, అంటే వ్యవస్థీకృత నేరం. కిరాయి హత్యలు, కిడ్నాపులు, డ్రగ్స్ రవాణా చేసే ముఠాల కోసం రాసిన సెక్షన్ అది. అందులో కనీస శిక్ష ఐదేళ్లు, యావజ్జీవం దాకా పోతుంది.

ఈ 111 ఎందుకు చేరుతుందో సామాన్య పాఠకుడికి తెలియాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్ఐఆర్ కట్టే ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపవచ్చని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173(3) చెబుతోంది. ఏడేళ్ల లోపు నేరాల్లో సాధారణంగా నోటీసు ఇచ్చి పిలవాలి తప్ప ఎకాఎకి అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పులో చెప్పింది. యావజ్జీవం దాకా పోయే సెక్షన్ ఒక్కటి చేరితే ఈ రెండు రక్షణలూ పక్కకు పోతాయి. కోర్టులో ఆ సెక్షన్ నిలబడదని అందరికీ తెలిసినా, అది తేలే లోపల మనిషి నాలుగు జైళ్లు చూసి వస్తాడు. రేపు ఒక కార్టూనిస్టు మీద ఇదే సెక్షన్ రాయడానికి అడ్డేమిటి? ఏమీ లేదు.

ఎవరైనా ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. అయితే ఆ బూతులను అలాగే వదిలేయాలా? పులివెందులకు చెందిన ఒక సోషల్ మీడియా కార్యకర్త వ్యవహారం ఇంకా ఎవరూ మర్చిపోలేదు. 2024 నవంబరులో అతన్ని పట్టుకోవడంలో, వదలడంలో జరిగిన గందరగోళానికి కడప ఎస్పీ బదిలీ అయ్యారు, ఒక సీఐ సస్పెండయ్యారు. అతని పోస్టులు ముఖ్యమంత్రి, ఉప ముఖ్యమంత్రి ఇళ్లలోని మహిళలతో ఆగలేదు. తన తండ్రి వివేకానందరెడ్డి హత్య కేసులో న్యాయం కోసం పోరాడుతున్న సునీత 2024 ఫిబ్రవరిలోనే అతని మీద సైబరాబాద్ పోలీసులకు ఫిర్యాదు చేశారు. తానూ బాధితురాలినేనని షర్మిల బహిరంగంగా చెప్పారు. సొంత పక్షం నాయకుడు జగన్ చెల్లెళ్లను కూడా వదలని ఆ రాతలకూ రాజకీయ వ్యంగ్యానికీ ఏ చుట్టరికమూ లేదు.

వాటికి చట్టం ఉంది. స్త్రీ మర్యాదకు భంగం కలిగించే మాటలకు, చేతలకు న్యాయ సంహితలో 79వ సెక్షన్ ఉంది. అశ్లీల చిత్రాలను ఎలక్ట్రానిక్ రూపంలో పంపితే ఐటీ చట్టంలో 67 ఉంది. వెంటాడి వేధిస్తే, బెదిరిస్తే వేరే సెక్షన్లున్నాయి. వీటిని సూటిగా వాడితే నేరం ఏమిటో కోర్టుకు, జనానికి తేటగా తెలుస్తుంది. వాటిని వదిలి ‘వర్గాల మధ్య వైరం’ అని రాయడంలోనే తేడా వస్తోంది. ఒక మహిళ మీద అల్లిన బూతు ఆ మహిళకు జరిగిన అన్యాయం. దాన్ని పార్టీల గొడవగా, కులాల గొడవగా మార్చి రాస్తే అసలు బాధితురాలు కేసులోంచి మాయమవుతుంది. నిందితుడు రాజకీయ ఖైదీ అవుతాడు. జైలు బయట దండలు పడతాయి. 2024 నవంబరులో జరిగిన సోషల్ మీడియా అరెస్టుల మీద ప్రజాప్రయోజన వ్యాజ్యం వచ్చినప్పుడు, అసభ్య పోస్టులు పెట్టినవాళ్ల మీద కేసులు పెడితే తప్పేమిటని రాష్ట్ర హైకోర్టు అడిగింది. న్యాయమైన ప్రశ్న. కానీ అసభ్యం ఏది, అధికారానికి గుచ్చుకున్నది ఏది అని ఒక్కో పోస్టునూ విడిగా తూచి చూసే ఓపిక స్టేషన్‌లో ఎవరికుంది?

బొమ్మ వేసేవాళ్ల వైపు నుంచి కూడా ఒక లోపం ఉంది. సీమ మనిషిగా దాన్ని చెప్పకుండా ఉండలేను. కడప నాయకుణ్ణి వెక్కిరించాలంటే మన కార్టూన్లు చాలాకాలంగా ఒకే సరంజామా వాడుతున్నాయి. నాటుబాంబు, వేటకొడవలి, టాటా సుమో, మెలేసిన మీసం. ‘సమరసింహారెడ్డి’ నుంచి ‘ఆది’, ‘ఇంద్ర’ దాకా సినిమాలు అమ్మిన సరుకే అది. నాయకుడి అవినీతి మీద వేసిన బొమ్మలో ఆ కొడవలి ఎందుకుంది? అది ఆ నాయకుణ్ణి కాదు, జమ్మలమడుగులో వేరుశనగ వేసుకునే రైతునూ, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయే కూలీనీ, హైదరాబాద్ హాస్టల్లో ఊరి పేరు చెప్పడానికి తడబడే పిల్లవాణ్ణీ వెక్కిరిస్తుంది. ‘పులివెందుల పంచాయితీ’ అన్న మాట ఎన్నికల ప్రసంగాల్లో తిట్టుగా స్థిరపడిపోయింది. నాయకుడి మీద కోపాన్ని ఊరి మీదికి మళ్లించిన రోజున ఊరంతా నాయకుడి వెనక చేరుతుంది. అతనికి అంతకన్నా కావాల్సింది లేదు.

కులం విషయమూ ఇంతే. 2019లో రామ్‌గోపాల్ వర్మ జగన్, చంద్రబాబు, లోకేశ్, పవన్, కె.ఏ. పాల్‌లను పోలిన పాత్రలతో ఒక వ్యంగ్య చిత్రం తీసి దానికి ‘కమ్మరాజ్యంలో కడప రెడ్లు’ అని పేరు పెట్టారు. అభ్యంతరాలు, కోర్టు వ్యవహారాల తర్వాత ‘అమ్మరాజ్యంలో కడప బిడ్డలు’గా మారి ఆ డిసెంబరు 12న విడుదలైంది. పేరులోనే నాయకులు పోయి రెండు కులాలు మిగిలాయి. అలాంటి సినిమాను నిషేధించమని నేను అడగను. కానీ అది నాయకుణ్ణి ప్రశ్నించలేదు. అతని చుట్టూ ఉన్న కులం గోడను ఇంకో వరస ఎత్తు చేసింది.

కర్నూలులో ఇది మరో రూపంలో కనబడింది. 2019 డిసెంబరు 17న జగన్ శాసనసభలో మూడు రాజధానుల మాట ఎత్తగానే ప్రత్యర్థులు ఆయన్ను తుగ్లక్ అన్నారు. తుగ్లక్ తలపాగాతో బొమ్మలు వచ్చాయి. విజయవాడలో, అమరావతి గ్రామాల్లో ఆ బొమ్మకు అర్థం ఒక్కటే, భూములిచ్చిన రైతును నట్టేట ముంచిన పాలకుడు. ఆ కోపం నిజమైనది. అదే బొమ్మను కర్నూలులో వేరుగా చదివారు. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాజధానో హైకోర్టో సీమకు ఇస్తామన్న మాట ఉంది. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు రాజధాని అయి, ఆ తర్వాత దాన్ని హైదరాబాద్‌కు అప్పగించిన ఊరు ఇది. జగన్ ప్రకటనకు ముందే హైకోర్టు కోసం కర్నూలు న్యాయవాదులు వీధిలో ఉన్నారు. తుగ్లక్ బొమ్మ చూసినప్పుడు ఆ ఊరివాళ్లకు జగన్ కనబడలేదు. తమ ఎనభయ్యేళ్ల కోరిక పిచ్చివాడి ఆలోచనగా కనబడింది. బొమ్మ వేసినవాళ్లకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు. కర్నూలు స్పందనను ‘జగన్ అభిమానుల గోల’ అని కొట్టిపారేసినవాళ్లు మాత్రం ఆ ఊరి చరిత్ర చదవనివాళ్లు. ఐదేళ్ల తర్వాత, 2024 నవంబరులో కొత్త ప్రభుత్వమే కర్నూలులో హైకోర్టు ధర్మాసనం కోసం శాసనసభలో తీర్మానం పెట్టింది.

ఇలాంటి చోట కార్టూన్ మీద వచ్చే కోపంలో కొంత న్యాయం ఉంటుంది. ఆ న్యాయం వినబడాలంటే దానికి వ్యాసం కావాలి, సంపాదకుడికి ఉత్తరం కావాలి, బదులు బొమ్మ కావాలి. ఎఫ్ఐఆర్ ఆ పని చేయదు, ఆ వాదనను మింగేస్తుంది.

ఎన్టీ రామారావు పాలన మీద 1987లో ‘మండలాధీశుడు’ వచ్చింది. ఆయన్ను అచ్చంగా అనుకరించిన కోట శ్రీనివాసరావు మీద విజయవాడ రైల్వే స్టేషన్‌లో అభిమానులు చేయి చేసుకున్నారు. ఎన్టీఆర్ మాత్రం తర్వాత ఎదురుపడినప్పుడు భుజం మీద చేయి వేసి మంచి నటుడివని మెచ్చుకున్నారని కోటే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పారు. నాయకుడికి లేని గాయం అనుచరుడికి తగలడం అప్పుడూ ఉంది. ఇప్పుడు తేడా ఏమిటంటే, అనుచరుడి గాయానికి స్టేషన్ రైటర్ అక్షరరూపం ఇస్తున్నాడు. ఫిర్యాదుదారుల పేర్లు చూడండి. నాయకుడు తానుగా ఫిర్యాదు చేసిన సందర్భం వెతికినా దొరకడం కష్టం. ఏదో మండల స్థాయి కార్యకర్త మనోభావాలు దెబ్బతింటాయి. అతని ఊళ్లో కేసు పడుతుంది. రాష్ట్రం ఆ చివరన ఉన్న మనిషి ఈ చివరకు రావాలి. ‘మా మనోభావాలు’ అన్న మాటకు హద్దు ఎవరూ గీయలేదు కాబట్టి, ఎన్ని మండలాలుంటే అన్ని కేసులు.

ఆ హద్దు 2025 మార్చి 28న సుప్రీంకోర్టు గీసింది. గుజరాత్‌లో ఒక కవిత పోస్టు చేసినందుకు ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద పెట్టిన కేసును కొట్టేస్తూ, ఒక మాట వైరం పెంచుతుందా లేదా అన్నది ప్రతి విమర్శలోనూ ప్రమాదం చూసే బలహీన మనస్కుల కొలతతో కాదు, వివేకం, గుండె నిబ్బరం ఉన్న మనిషి కొలతతో చూడాలంది. ఇలాంటి కేసుల్లో 173(3) కింద ప్రాథమిక విచారణ జరపడమే తగిన పద్ధతి అని కూడా చెప్పింది. ఆ తీర్పును గుర్తు చేస్తూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జులై 5న రాష్ట్రంలోని మేజిస్ట్రేట్లందరికీ సర్క్యులర్ పంపింది. సోషల్ మీడియా కేసుల్లో యాంత్రికంగా రిమాండ్ వేయొద్దని, అర్నేశ్ కుమార్, ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ తీర్పులను పోలీసులు పాటించారో లేదో చూసుకోమని. ఆ కాగితం కడపలో, కర్నూలులో, ఆదోనిలో, రాజంపేటలో ప్రతి మేజిస్ట్రేటు బల్ల మీదా ఉంది. పోసాని గుంటూరు జైలు నుంచి బయటికొచ్చిన మూడున్నర నెలలకు వచ్చింది.

వేరే రాష్ట్రాలు మనకన్నా మెరుగని కాదు. మమతా బెనర్జీ మీద ఒక కార్టూన్‌ను మెయిల్లో పంపినందుకు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ ఆచార్యుణ్ణి 2012 ఏప్రిల్‌లో అరెస్టు చేశారు. ఆ కేసుకు ఆధారమైన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. ఆయన కేసు నుంచి బయటపడింది 2023 జనవరిలో. అమెరికా నుంచి భారతీయులను సంకెళ్లు వేసి పంపినప్పుడు ప్రధాని మీద వేసిన బొమ్మకు 2025 ఫిబ్రవరిలో తమిళ ‘వికటన్’ వెబ్‌సైట్ మొత్తాన్నే మూసేశారు. మద్రాసు హైకోర్టు తెరిపించింది, ఆ ఒక్క బొమ్మను తాత్కాలికంగా తీసేయమన్న షరతుతో. ఒక బొమ్మకు నూరేళ్ల పత్రికను మూయడం గురించి మాట్లాడేవాళ్లు మన రాష్ట్రంలో రెండు శిబిరాల్లోనూ దొరకలేదు. అది మనోళ్ల గొడవ కాదు కదా.

ప్రభుత్వం వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. మాటల మీద, బొమ్మల మీద నమోదైన కేసులన్నింటినీ, 2014 నుంచి, పార్టీ చూడకుండా ఒకచోట పోసి, ఒక విశ్రాంత న్యాయమూర్తి చేత వేరు చేయించాలి. మహిళల మీద అశ్లీలం, ప్రాణాలు తీస్తామన్న బెదిరింపు ఒకవైపు. అవి విచారణకు పోవాలి, త్వరగా పోవాలి. నాయకుడి మీద, ప్రభుత్వం మీద, సభల మీద ఎగతాళి రెండోవైపు. వాటిని ఉపసంహరించుకోవాలి. ఒక మనిషి మీద ఒకే సంగతికి పది స్టేషన్లలో ఎఫ్ఐఆర్లు ఉంటే కలిపేయాలి. మాట మీద పెట్టిన కేసులో 111 రాయాలంటే ఎస్పీ లిఖితపూర్వక కారణం ఉండాలి. ఇవేవీ కొత్త చట్టం అడిగేవి కావు.

పత్రికలు చేయాల్సింది ఇంకా కష్టం. జమ్మలమడుగు, మైలవరం మండలాల్లో ఉక్కు కర్మాగారానికి వేసిన పునాదిరాళ్లు చూడండి. 2007 జూన్ 10న రాజశేఖరరెడ్డి బ్రహ్మణి స్టీల్స్‌కు ఒకటి వేశారు, 10,760 ఎకరాల మీద. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో కేంద్రం ఆరు నెలల్లో పరిశీలిస్తామని రాసింది. 2018 డిసెంబరు 27న కంబాలదిన్నెలో చంద్రబాబు ఒకటి వేశారు. 2019 డిసెంబరు 23న సున్నపురాళ్లపల్లెలో జగన్ ఒకటి వేశారు. 2023 ఫిబ్రవరి 15న జిందాల్ సంస్థతో కలిసి అదే జగన్ అక్కడే మళ్లీ భూమిపూజ చేశారు. ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు పార్టీలు, నాలుగు శుభముహూర్తాలు, కేంద్రం ఇచ్చిన ఒక వాగ్దానం. ఇవన్నీ ఒకే బొమ్మలో, ముగ్గురి ముఖాలూ ఒకే సైజులో గీసి అచ్చేసే సంపాదకుడు కావాలి. ఆ బొమ్మను ప్రొద్దుటూరు టీ అంగడిలో ‘వాళ్ల పేపరు లేప్పా’ అని పక్కన పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. బ్రహ్మణికి భూమి అప్పగించిన కుటుంబాల పిల్లలు ఇప్పుడు చదువులు ముగించి, ఉద్యోగం కోసం బెంగళూరు బస్సు ఎక్కుతున్నారు. ఆ బొమ్మ మీద వాళ్లు ఏమంటారో వినాలి. అది నవ్వు కావచ్చు, తిట్టు కావచ్చు. ఈ రెండు జిల్లాల్లో ఏ పార్టీ ఐటీ విభాగమూ రాసి ఇవ్వని మొదటి స్పందన అదే అవుతుంది.